మట్టి చదువు, రేకు బకెట్

బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక పీజీలో సాయిల్ సైన్స్ తీసుకుంటున్నానంటే "అగ్రానమీలో (పంటల సాగు శాస్త్రంలో) సీటు రాలేదా?" అని మామయ్య జాలిపడ్డాడు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ఎంట్రన్స్‌లో నేను రాసిందే ఫిజికల్ సైన్స్ పేపర్. సాయిల్ సైన్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండూ అందులోవే. కెమిస్ట్రీ మీద ఇష్టంతో మట్టివైపు వెళ్లాను.

మొదటి ఏడాది క్లాసులు, పరీక్షలతో గడిచిపోయింది. అసలు టెన్షన్ థీసిస్‌తో మొదలైంది. వరి పొలాల్లో జింక్ ఎంతుందో చూడాలి. పొలంలో పది పదిహేను చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు నుంచి మట్టి చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తూ అరకిలో మిగిల్చాలి. ఇలా 40 పొలాలు తిరిగాను.

మామూలుగా 0.6 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.6 భాగం) కన్నా తక్కువుంటే జింక్ లోపం అంటాం. అంతకుముందు పంటలో ఆకుల మీద ఆ లోపానికి గుర్తైన తుప్పు మచ్చలు నేను కళ్లారా చూసిన పొలాల్లో కూడా జింక్ పుష్కలంగా ఉన్నట్టు వచ్చింది! గైడ్ గారు అంకెలు చూసి ఒక్కటే అడిగారు: "మట్టి దేంట్లో కలిపావమ్మా?"

ఒక రైతు ఇచ్చిన రేకు బకెట్‌లో. దాని పూతే జింక్. ప్లాస్టిక్ టబ్ కొనుక్కుని, దమ్ముకు నీళ్లు పెట్టేలోపు మళ్లీ 40 పొలాలూ తిరిగాను.

ల్యాబ్‌లో ఇంకోటి మింగుడుపడలేదు. సేంద్రియ కర్బనం చూడటానికి పొటాషియం డైక్రోమేట్ వాడతాం. అందులోని క్రోమియం విషం. మట్టి ఆరోగ్యం చూస్తామంటూ ఆ వ్యర్థాన్ని సింకులో పోసేవాళ్లం!

ఉద్యోగాల సంగతికొస్తే, వ్యవసాయాధికారి పోస్టుకు బీఎస్సీ చాలు, పీజీ అక్కర్లేదు. క్లాస్‌మేట్లలో కొందరు నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాశారు, పీహెచ్‌డీకి వెళ్లారు. ఒకరు భూసార పరీక్షా కేంద్రంలో ఉన్నారు. అక్కడ సాయిల్ హెల్త్ కార్డు కోసం ఒక్కో నమూనాకు 12 అంశాలు చూస్తారు. ఎరువుల కంపెనీలూ తీసుకుంటాయిగానీ ఎక్కువగా అమ్మకాల పనే. నేను పర్యావరణ కన్సల్టెన్సీలో చేరాను. ఫ్యాక్టరీ రాకముందు చుట్టుపక్కల మట్టి ఎలా ఉందో నమూనాలు తీసి, అనుమతి రిపోర్టులో ఆ భాగం రాయడం నా పని. నెలలో సగం రోజులు ఊళ్లమీదే.

మొన్న మామయ్య తన చేను మట్టి పంపాడు, యూరియా సంచిలో. మళ్లీ తీసి పంపమన్నాను.