పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?

క్రీ.శ. 57 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు కొరింథు నుంచి రోమా నగరంలోని క్రీస్తు విశ్వాసులకు పత్రిక, అంటే లేఖ, రాశాడు. అప్పటికి అక్కడ భోజనం దగ్గరే మనసులు విరిగి ఉన్నాయి. కొందరు అన్నీ తింటారు, కొందరు కూరగాయలే తింటారు. కొందరు ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచుతారు, మరికొందరికి అన్ని దినాలూ ఒకటే. పౌలు ఇద్దరినీ నిలదీశాడు: "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు, ఏలయనగా దేవుడతనిని చేర్చుకొనెను" (రోమా 14:3).

మన తెలుగు సంఘాల్లో ఈ వాక్యం భోజనం కంటే బొట్టు దగ్గర, నగల దగ్గర ఎక్కువగా తగులుతుంది. కొత్తగా ప్రభువును నమ్ముకున్న సహోదరి మెడలో పసుపుతాడుతో, తలలో పూలతో మందిరానికి వస్తుంది. చాప మీద కూర్చోబోతుండగా పక్కవారి చూపు ఆమె నుదుటి మీద, తర్వాత చెవుల మీద పడుతుంది. ఎవరూ ఏమీ అనరు. ఆమె మాత్రం కొంగు లాక్కుని మెడ కప్పుకుంటుంది. ఇంట్లో ఎవరెవరిని ఒప్పించుకుని ఆ పూట ప్రార్థనకు రాగలిగిందో ఆ చూపులకు తెలియదు. అదే మందిరంలో నగలన్నీ ఏనాడో తీసేసి, తెల్లచీర కట్టుకుని ఉపవాసాలు ఉండే పెద్దావిడ ఉంటారు. ఆమెది చాదస్తమని చదువుకున్న పిల్లలు నవ్వుకుంటారు. నాకు ఈ నవ్వు కూడా ఆ చూపు అంత బాధాకరంగానే ఉంటుంది. ఆమె వాటిని విడిచిపెట్టింది ప్రభువు మీది ప్రేమతోనే కదా!

ఈ అధ్యాయంలో నన్ను ఎక్కువగా కదిలించేది పౌలు నిలబడిన చోటు. ఏ పదార్థమూ సహజంగా నిషిద్ధం కాదని ప్రభువైన యేసునందు రూఢిగా నమ్ముతున్నానని 14వ వచనంలో చెప్పాడు. వాదనలో ఆయన ఎటువైపో స్పష్టమే. అయినా గెలిచినవాడిలా మాట్లాడలేదు. "ఎవనికొరకు క్రీస్తు చనిపోయెనో వానిని నీ భోజనముచేత పాడు చేయకుము" అని తన పక్షం వారినే బతిమాలాడు. తప్పు మనదైనప్పుడు తల వంచడం కొంత తేలిక. న్యాయం మనవైపు ఉన్నప్పుడు తగ్గడానికే కృప కావాలి.

నిజంగా పాపంలో పడినవారి సంగతి వేరు. అక్కడ మౌనం ప్రేమ కాదు. అయితే గలతీ 6:1 వారిని సాత్వికమైన మనసుతో, మనల్ని మనం చూసుకుంటూ దారికి తీసుకురమ్మంటుంది.

పత్రిక చివరి అధ్యాయంలో పౌలు పేరుపేరునా వందనాలు పంపాడు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో ఒకప్పుడు రోమా విడిచిన దంపతులు అకుల, ప్రిస్కిల్ల మళ్లీ అక్కడే, తమ ఇంట కూడే సంఘంతో కనిపిస్తారు. రూఫు తల్లిని పౌలు తనకూ తల్లే అన్నాడు. ఆ పేర్ల తర్వాత, ఒకరికొకరు వందనాలు చెప్పుకోమన్నాడు. పత్రిక చదవగా విన్నవారిలో కూరగాయలే తినేవారూ ఉన్నారు, అన్నీ తినేవారూ ఉన్నారు.