షోల్జ్ ఇంటిపేరు పుట్టుకను వెతుకుతూ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాం – నా అనుభవం

మా మామగారి జనన నమోదు ప్రతి నిన్ననే మా చేతికి వచ్చింది. ఆయన 1942లో, అప్పటి జర్మనీలో భాగమైన సిలేసియా ప్రాంతంలో, హిర్ష్‌బెర్గ్ పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో పుట్టారు. ఆ పట్టణం ఇప్పుడు పోలండ్‌లో ఉంది, దాని పేరు యెలెన్యా గూరా. ఈ ఒక్క కాగితం కోసం పడిన అవస్థ, అంతకు ముందరి రెండు వందల ఏళ్ల వంశచరిత్రను వెలికితీయడానికి పడిన శ్రమ కంటే ఎక్కువ. జర్మన్ కుటుంబాల్లో కోడళ్లుగా, అల్లుళ్లుగా అడుగుపెట్టిన మనవారికి పనికివస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మా పుట్టింటివారి ఇంటిపేరు కరణం. గుంటూరు జిల్లాలోని మా ఊరి లెక్కలన్నీ మా తాతగారి కాలం దాకా మా ఇంట్లోనే ఉండేవి. 1984లో ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేశాక ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. పెళ్లయి హానోవర్ వచ్చాక, మా వారి ఇంటిపేరు షోల్జ్ కూడా ఏదో ఊరి అధికారం నుంచి వచ్చిందని అత్తగారు ఒకనాడు మాటల్లో అన్నారు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. యుద్ధం ముగిశాక సిలేసియా నుంచి వెళ్లగొట్టినప్పుడు కుటుంబ పత్రాలన్నీ దారిలోనే పోయాయి. మా అమ్మాయి ఒకవైపు కరణాల మనవరాలు, మరొకవైపు షోల్జ్‌ల మనవరాలు. రెండో వైపు ఏముందో ఆమెకు తెలియకుండా పోకూడదని పట్టుబట్టి నేనే మొదలుపెట్టాను.

పేరుకు అర్థం తెలుసుకోవడం కష్టం కాలేదు. మైంట్స్ నగరంలోని అకాడమీ నడుపుతున్న జర్మన్ ఇంటిపేర్ల డిజిటల్ నిఘంటువు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పాత జర్మన్‌లో షుల్ట్‌హైస్ అంటే, ప్రజలు దొరకు చెల్లించవలసిన బాకీలను, చేయవలసిన విధులను ఆజ్ఞాపించి చేయించే అధికారి. ఆ ఒక్క పదవి పేరే ప్రాంతానికొక రూపం తీసుకుంది. హెస్సె, ఫ్రాంకోనియా, స్వేబియా ప్రాంతాల్లో షుల్ట్‌హైస్‌గానే నిలిచింది. వెస్ట్‌ఫాలియాలో షుల్టె అయింది, దిగువ రైన్ వైపు షోల్టెన్ అయింది. ఎల్బె నదికి తూర్పున, బ్రాండెన్‌బుర్గ్ మొదలుకొని పొమెరేనియా దాకా షుల్జ్, షుల్జె అయింది. సిలేసియాలో షోల్జ్ అయింది. 2021 నుంచి 2025 దాకా జర్మనీ చాన్సలర్‌గా ఉన్న ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరు ఈ సిలేసియా రూపమే.

తూర్పున ఈ పేరు ఇంత విస్తారంగా ఉండడానికి ఒక కారణం ఉంది. 12, 13 శతాబ్దాల్లో అక్కడి రాజులు, మఠాలు పడమటి నుంచి రైతులను రప్పించి కొత్త పల్లెలు కట్టించారు. ఆ రైతులను కూడగట్టి తీసుకువచ్చిన మనిషికే ఆ పల్లెలో షోల్జ్ పదవి వంశపారంపర్యంగా దక్కేది. శిస్తు లేని మాన్యం, తరచుగా సారా దుకాణం లేదా పిండిమర నడుపుకునే హక్కు, ఊరి న్యాయసభ విధించే జరిమానాల్లో మూడో వంతు అతని ప్రతిఫలం. పల్లెకొక షోల్జ్ చొప్పున ఉన్నప్పుడు, ఇంటిపేర్లు స్థిరపడే కాలానికి ఆ పేరు వందలాది కుటుంబాలకు విడివిడిగా అంటుకోవడం సహజమే. కరణం అన్న ఇంటిపేరున్న వారందరూ ఒక్క కుటుంబం కానట్టే, షోల్జ్‌లందరిదీ ఒక్క వంశం కాదు. ఇంటిపేరు చెబితే చాలు, ఆ వంశపు చిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఇదేనని చట్రం కట్టించి అమ్మే వ్యాపారులు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారికి ఒక్క యూరో కూడా ఇవ్వకండి. వంశచిహ్నం ఒక నిర్దిష్ట కుటుంబానికి దక్కుతుంది తప్ప ఇంటిపేరుకు దక్కదు. ఈ సంగతి తెలిసే వారు మనుషుల కుటుంబాభిమానాన్ని సొమ్ము చేసుకుంటున్నారు.

పోలండ్‌లో నేటికీ పల్లెకు ఎన్నికయ్యే పెద్దను సోవ్టిస్ అంటారు. అది ఈ జర్మన్ మాట నుంచే పోలిష్ భాషలోకి వెళ్లింది. జర్మన్ షోల్జ్‌లు ఆ పల్లెలను విడిచి దాదాపు 80 ఏళ్లవుతున్నా, వారి పదవి పేరు మాత్రం ఇంకొక భాషలో అక్కడే పని చేస్తోంది.

తర్వాతి మెట్టు, పేరు ఎక్కడెక్కడ విస్తరించిందో పటం మీద చూడడం. నేటి టెలిఫోన్ డైరెక్టరీల ఆధారంగా గీసిన పటాలు సులువుగా దొరుకుతాయి గానీ, షోల్జ్ వంటి పేరు విషయంలో అవి సగం కథే చెబుతాయి. 1945 తర్వాత సిలేసియా జర్మన్లు లక్షల సంఖ్యలో వెళ్లగొట్టబడి సాక్సనీ, లోయర్ సాక్సనీ, వెస్ట్‌ఫాలియా, బవేరియాలకు చెదిరిపోయారు. అందువల్ల నేటి పటంలో షోల్జ్ జర్మనీ అంతటా చల్లినట్టు కనబడుతుంది. నైసె నదికి ఇవతల జర్మనీలోనే మిగిలిపోయిన గెర్లిట్స్ చుట్టుపక్కల మాత్రమే కాస్త చిక్కగా ఉంటుంది. అసలు నేల కనిపించాలంటే పాత లెక్క కావాలి. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన, గాయపడిన, గల్లంతైన సైనికుల జాబితాలను వంశచరిత్ర ఔత్సాహికుల సంఘం ఒకటి స్వచ్ఛంద కార్యకర్తలతో అక్షరబద్ధం చేయించింది. అందులో చాలా పేర్ల పక్కన పుట్టిన ఊరు కూడా ఉంది, కనుక 1890 ప్రాంతపు జర్మనీని ఆ జాబితాతో చూడవచ్చు. ఆ పటంలో షోల్జ్ దాదాపు అంతా సిలేసియాలోనే గుమిగూడి ఉంది. యుద్ధంలో దెబ్బతిన్న యువకుల పేర్లతో కదా ఈ పటం ఏర్పడిందన్న బాధ దాన్ని చూస్తున్నంతసేపూ నన్ను వదల్లేదు.

ఇక జనన నమోదు కార్యాలయం సంగతి. తూర్పు ప్రాంతాల నుంచి తెచ్చిన పాత నమోదు పుస్తకాలు కొన్ని జర్మనీలోని నమోదు కార్యాలయాల్లో ఉన్నాయి. చట్టం ప్రకారం జననాలు 110 ఏళ్లు, వివాహాలు 80 ఏళ్లు, మరణాలు 30 ఏళ్లు అక్కడే భద్రపరుస్తారు. ఆ గడువు దాటాక అవి పాత పత్రాల భాండాగారానికి (ఆర్కైవ్) వెళ్లి, ఎవరైనా చూడగలిగేవి అవుతాయి. మామగారు పుట్టింది 1942లో కనుక ఆ నమోదు ఇంకా మూసే ఉంది. ఆయన, ఆయన భార్య, నేరుగా ఆయన సంతతి వంటి దగ్గరివారు, లేదా చట్టపరమైన అవసరం చూపగలవారు మాత్రమే అడగాలి. ఆ నిబంధన న్యాయమైనదే. అందుకే మా వారి సంతకంతో అధికార పత్రం, ఆయన జనన ధ్రువపత్రం, మా వివాహ ధ్రువపత్రం అన్నీ పట్టుకుని వెళ్లాను.

కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగి ఆ కాగితాలు తెరవకముందే, "ఈ పేరుకూ మీకూ ఏం సంబంధం?" అని అడిగాడు. నేను జర్మన్‌లోనే సమాధానం చెప్పాను. అయినా అతను, వినికిడి లేనివారితో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి గట్టిగా పలుకుతూ, "ఈసారి మీ భర్తను పంపించండి, ఆయనకైతే అర్థమవుతుంది" అన్నాడు. వెనక వరుసలో నిలబడిన వారందరూ విన్నారు. ఆ ఇంటిపేరు ఏ శతాబ్దంలో ఎక్కడ ఎలా పుట్టిందో ఆ గదిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నేను నమ్మకంగా చెప్పగలను. అయినా ఆ పేరు మీద మాట్లాడే అర్హత నాకు లేదని నా ముఖం చూసే నిర్ణయించేశాడు. అధికార పత్రం చట్టబద్ధమైనదని, దాన్ని చదివి తీరాలని అక్కడి నుంచి కదలకుండా నిలబడితే, చివరికి దరఖాస్తు తీసుకున్నాడు.

నెలలు గడిచాక జవాబు వచ్చింది. సదరు పేరుతో ఎటువంటి నమోదూ లేదని ఒక్క వాక్యం, దాని కింద వెతికినందుకు రుసుము. మేము ఇచ్చిన తేదీ, పల్లె తప్పు కావడానికి వీలులేదని తెలిసి ఫోన్ చేసి పట్టుబట్టగా, అసలు విషయం బయటపడింది. అదే తేదీన, అదే పల్లెలో, అదే పేరు పెట్టిన మగపిల్లవాడి నమోదు ఉంది. అయితే ఇంటిపేరులో చివరి అక్షరానికి ముందు ఒక 'టి' ఎక్కువగా ఉంది. షోల్జ్ కాదు, షోల్ట్జ్. "అది వేరే ఇంటిపేరు, వేరే కుటుంబం. గోప్యత కారణంగా ఆ వివరాలు మీకు చెప్పలేం" అన్నది వారి తుది మాట.

ఈ మాట అన్నది ఇంటిపేర్లను నమోదు చేయడమే పనిగా ఉన్న కార్యాలయం కనుకనే నాకు కోపం వచ్చింది. సిలేసియా అప్పట్లో భాగమైన ప్రష్యా రాజ్యంలో ప్రభుత్వ నమోదు 1874 అక్టోబరులో మొదలైంది, జర్మనీ అంతటికీ 1876లో వచ్చింది. అంతకు ముందు ఒకే మనిషి పేరును ఒకే చర్చి పుస్తకంలో, తండ్రిగా ఒక విధంగా, సాక్షిగా ఇంకొక విధంగా రాయడం మామూలు సంగతి. అప్పట్లో హల్లు తర్వాత ఆ 'టి' ఉండడం, లేకపోవడం రాసేవాడి అలవాటు మీద ఆధారపడేది. మన మద్రాసులో తెలుగు నేర్చుకుని, తెలుగు వ్యాకరణం రాసి, తర్వాత జర్మనీలోని హాలెలో 1746–47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన బెంజమిన్ షుల్జ్‌ది కూడా ఈ కోవలోని ఇంటిపేరే. 1689లో బ్రాండెన్‌బుర్గ్ తూర్పు అంచున జోనెన్‌బుర్గ్‌లో పుట్టిన ఆయన పేరును నేటికీ గ్రంథాలయాల జాబితాల్లో 'టి'తోనూ, 'టి' లేకుండానూ రాస్తున్నారు. ఆయన ఇద్దరు మనుషులని ఎవరూ అనరు. తమ దేశపు పేర్ల చరిత్ర తెలియని అజ్ఞానాన్ని నియమపాలన పేరుతో కప్పిపుచ్చుకుని, ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న కుటుంబాన్ని దాని తండ్రి కాగితం నుంచి విడదీయడం అన్యాయం.

దీన్ని తేల్చింది బైరాయిట్‌లోని భాండాగారం. యుద్ధం వల్ల ఆస్తులు పోయినవారికి నష్టపరిహారం ఇవ్వడానికి పశ్చిమ జర్మనీ 1952లో ఒక చట్టం చేసింది. ఆ దరఖాస్తుల దస్త్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మామగారి తండ్రిగారు పెట్టుకున్న దరఖాస్తు దొరికింది. శరణార్థిగా వచ్చినప్పుడు ఇచ్చిన గుర్తింపు కాగితంలో 'టి' లేదు. కింద ఆయన సంతకంలో మాత్రం 'టి' స్పష్టంగా ఉంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పల్లె పేరు అన్నీ సరిపోయాయి. శిబిరంలో ఎవరో విని రాసుకున్నప్పుడు రాలిపోయిన అక్షరమే మా వారి ఇంటిపేరు నుంచి పోయినదని తేలిపోయింది. ఆ ప్రతిని జతచేసి మళ్లీ రాశాం. ఈసారి వేరే అధికారి పేరుతో, నమోదు ప్రతి వచ్చింది. మొదటి జవాబు గురించి క్షమాపణ ఒక్క ముక్క లేదు.

అదే దరఖాస్తులో ఆయన తన వృత్తిని నేతపని అని రాసుకున్నారు. ఆ కొండప్రాంతం నార బట్టల నేతకు పేరుపొందింది. ఊరి అధికారం, మాన్యం ఆ కుటుంబానికి ఎప్పుడో దూరమై ఉంటాయి.

కనుక మీ అత్తింటివారు తూర్పు నుంచి వచ్చినవారైతే, నమోదు కార్యాలయానికి వెళ్లకముందే బైరాయిట్‌కు రాయండి. దరఖాస్తులో ఇంటిపేరుకు గల రూపాలన్నీ రాసి, వీటిలో దేనితో ఉన్నా ఇవ్వమని కోరండి. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అన్నవారు కాగితం మీద పెట్టడానికి జంకుతారు.

పోలండ్ వైపు పని ఎంత హాయిగా జరిగిందో చెప్పకపోతే న్యాయం కాదు. వ్రోత్స్వావ్ రాష్ట్ర భాండాగారానికి యెలెన్యా గూరాలో శాఖ ఉంది. ఎన్నో పాత పుస్తకాల చిత్రాలను పోలండ్ భాండాగారాలు అంతర్జాలంలో ఉచితంగా ఉంచాయి. నువ్వెవరని ఎవరూ అడగలేదు. వాటిలో జర్మన్‌లో ఉన్నవి కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ఉంటాయి. ఇందులో 'ఇ' చూడడానికి 'ఎన్' లాగే ఉంటుంది, 'యు' మీద కొక్కెం పెడితే తప్ప పోల్చుకోలేం. మా వారికి గానీ, అత్తగారికి గానీ ఆ రాత రాదు. మా తాతగారి గొలుసుకట్టు రాతను చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన నాకు పట్టుబడింది. ఇప్పుడు ఇంట్లో ఆ కాగితాలు చదివిపెట్టేది నేనే, ఇరుగుపొరుగు జర్మన్లు కూడా తమ తాతల ఉత్తరాలు తెచ్చి నా చేత చదివించుకుంటున్నారు.

పల్లెలోని ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకం 1742లో మొదలవుతుంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సిలేసియాను గెలిచాకే అక్కడి చాలా పల్లెల్లోని ప్రొటెస్టెంట్లకు తమ ప్రార్థనా మందిరాలు కట్టుకునే అనుమతి దొరికింది. అంతకు ముందరి బాప్తిస్మాల కోసం కాథలిక్ పుస్తకాలను చూడాలి, అవి ఎక్కువగా లాటిన్‌లో ఉంటాయి. వాటిలో ఒకచోట మా పల్లెవాడైన ఒక తండ్రి పేరు పక్కన 'స్కుల్టెటుస్' అని ఉంది. షుల్ట్‌హైస్‌కు లాటిన్ రూపం అదే. గెర్లిట్స్ నగర మేయరుగా పనిచేసి, 1593లో ఆ నగరం ఉన్న అప్పర్ లుసేషియా ప్రాంతానికి పటం గీసిన బార్తొలొమేయస్ స్కుల్టెటుస్‌కు అది ఇంటిపేరు. మా పల్లెలోని ఈ మనిషికి అది ఇంటిపేరా, లేక అతను నిజంగానే ఆ ఊరి షోల్జ్‌గా పదవిలో ఉన్నాడా అన్నది ఆ ఒక్క పంక్తి నుంచి తేలదు. షోల్జ్ అధ్యక్షతన ఊరి న్యాయసభ భూముల క్రయవిక్రయాలను రాసుకున్న పుస్తకాలు సిలేసియాలో ఉండేవి. అతను సభకు పెద్దగా కూర్చున్నాడో, పొలం కొన్నవాడిగా నిలబడ్డాడో వాటిలో కనిపించాలి. మా పల్లె పుస్తకం కోసం యెలెన్యా గూరా శాఖకు ఈ ఉదయమే రాశాను, ఇంటిపేరుకు తెలిసిన రూపాలన్నీ వరుసగా పేర్కొంటూ.