మాండొలిన్ సైలెంట్ ప్రాక్టీస్: హమ్ సగమే పోయింది

పదిన్నర దాటాక కూడా ఎలక్ట్రిక్ మాండొలిన్ సాధన చేసుకునే ఏర్పాటు ఎట్టకేలకు కుదిరింది. వాయిద్యం పాలకొల్లుకు చెందిన మాండొలిన్ శ్రీనివాస్ గారి పద్ధతిలో ఐదు ఒంటి తీగలది. హెడ్‌ఫోన్స్ ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్: 35 ఓమ్‌లు, క్లోజ్డ్ బ్యాక్, అంటే వెనక మూసి ఉంటుంది, శబ్దం బయటికి పెద్దగా రాదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఎంత తియ్యగా పలికినా ఓపెన్ బ్యాక్, మన సాధన ఇంట్లోవాళ్లకూ వినిపిస్తుంది. పైగా 300 ఓమ్‌లు, మామూలు పరికరంతో గట్టిగా పలికించడం కష్టం. బ్లూటూత్ మాటే వద్దు, మీటాక కాస్త ఆలస్యంగా గానీ స్వరం చెవిన పడదు. కంప్యూటర్ గుండా వచ్చే ఆలస్యం (లేటెన్సీ) గొడవ, వాయిద్యాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె మీది డైరెక్ట్ మానిటర్ బటన్‌తో తీరింది, శబ్దం నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది.

తీరనిది హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే సన్నని మోత. స్పీకర్లో పట్టించుకోని మోత హెడ్‌ఫోన్స్‌లో నెత్తిమీద కూర్చుంటుంది. గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) కదపకుండా, వాయించకుండా కొలిచాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ ఉంటే మైనస్ 46 డెసిబెల్స్, పీకేస్తే మైనస్ 57 (మైనస్ అంకె పెరిగే కొద్దీ మోత తక్కువ). రెండు పిన్నుల ఛార్జర్, ఎర్త్ లేదు, కాబట్టి అది అర్థమైంది. కూర్చున్న చోటే పక్కకు తిరిగితే 50 హెర్ట్జ్ దగ్గరి శిఖరం కుంగి మొత్తం మైనస్ 60కి వచ్చింది. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్ ఒకే చుట్టది (సింగిల్ కాయిల్) కదా, దిక్కుని బట్టి గోల.

ఇంకా సన్నగా 'జర్ర్' మిగిలింది: 100 హెర్ట్జ్, దాని గుణిజాలు. ట్యూబ్‌లైట్ అనుకున్నా, కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్! రెండు మీద ఉంటే మైనస్ 60, ఐదు మీద మైనస్ 66, ఆపేస్తే మైనస్ 74. ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్) రకం రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని మధ్యలో కోస్తుంది, ఫుల్ స్పీడులో ఆ కోత దాదాపు ఉండదు. సరే, ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపి వర్ణం వాయించేదెవరు? ఐదు మీద పెడితే నొటేషన్ కాగితాలు ఎగిరిపోతున్నాయి.

శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే మూసేసే నాయిస్ గేట్ పెట్టమంటారు. నాకు నచ్చలేదు, జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) చివర గమకం సన్నబడే చోటే నోరు నొక్కేస్తుంది. పికప్ చుట్టూ రాగి రేకు అతికించమనే సలహా సగమే నిజం. తీగల మీద చెయ్యి వేస్తే జర్ర్ కాస్త తగ్గుతోంది కాబట్టి దానికి రేకు పనిచేయొచ్చు, 50 హెర్ట్జ్ అయస్కాంత హమ్ మాత్రం రేకుని లెక్కచేయదు.

ముందు పాతది తీసి, తరంగాన్ని కోయని కెపాసిటర్ స్టెప్ రకం ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టిస్తా, తర్వాత రేకు. అప్పటికీ లొంగకపోతే ఐదు తీగలకు సరిపడే హమ్‌బకర్ (హమ్‌ని కొట్టేసే రెండు చుట్టల పికప్) చుట్టించాలి. ఈలోగా ఫోన్లోని తంబూరా యాప్‌ని వైరుతో ఇంటర్‌ఫేస్‌కి కలుపుదామని ఉంది. ఫోన్ ఛార్జర్ కూడా రెండు పిన్నులదే, హమ్ మళ్లీ వస్తుందేమోనని అక్కడే అనుమానంగా ఉంది.