పెన్సిల్‌తో వేసే డ్యూటీ చార్ట్

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ జాతర, సిరిమాను. ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ ఊళ్లో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, కోడళ్లకి పొయ్యి దగ్గర నుంచి లేచే వీలుండదు. ముప్పై పడకల వార్డుకి ఆ వారం డ్యూటీ చార్ట్ వేయడం ఇన్‌చార్జ్ సిస్టర్‌గా నా పని. చార్ట్‌లో పన్నెండు పేర్లున్నాయి. పన్నెండు మందికీ ఆ మంగళవారమే ఆఫ్ కావాలి.

నర్సుగా నాకిది పదహారో ఏడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టర్, వారంలో రెండు మూడు నైట్ అవుట్ సర్వీసులు పడతాయి. అంటే మా ఇల్లు రెండు చార్టుల మీద నడుస్తుంది. రెండూ కుదిరితేనే రాత్రి పాప పక్కన మా ఇద్దరిలో ఒకరు ఉంటారు. అందుకే ఆ కాగితం గురించి రాయాలనిపించింది.

బీఎస్సీ నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్ సబ్జెక్టు ఉంటుంది. 1939లో కర్ట్ లెవిన్, ఆయనతో పనిచేసినవాళ్లు పదేళ్ల మగపిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగం గురించి అందులో చదివాం. తను చెప్పిందే జరగాలనే నాయకుడు, అందరినీ అడిగి నడిపే నాయకుడు, పట్టించుకోకుండా వదిలేసే నాయకుడు. మూడు రకాలూ కంఠతా పట్టి పరీక్ష రాశాం. అయితే వార్డులో ఈ మూడింటిలో మన ఇన్‌చార్జ్ ఏ రకమో తెలుసుకోవాలంటే గోడకి అంటించిన డ్యూటీ చార్ట్ చూస్తే చాలని ఎవరూ చెప్పలేదు.

మా పాప 2018లో పుట్టింది. అప్పుడు నేను పనిచేసిన హాస్పిటల్ పేరు రాయను. ఇరవై ఆరు వారాల సెలవు అయ్యాక డ్యూటీలో చేరాను. అక్కడ సోమవారం నుంచి మొదలయ్యే చార్ట్ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అంటించేవారు. సోమవారం పొద్దున్న మనం డ్యూటీలో ఉండాలో, రాత్రికి రావాలో అప్పటిదాకా తెలియదు. చేరిన మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది డ్యూటీ చేసి, ఓవర్ ఇవ్వడానికి, అంటే తర్వాతి సిస్టర్‌కి పేషెంట్లని అప్పజెప్పడానికి రెడీగా ఉన్నాను. రావాల్సిన సిస్టర్ రాలేదు. "నువ్వే కంటిన్యూ అవు" అన్నారు. అంటే పొద్దున్న ఎనిమిది దాకా. ఇంట్లో పాప ఉందన్నాను. "అందరికీ పిల్లలున్నారు" అన్నారు. పదకొండు అయ్యేసరికి పాలు గడ్డకట్టి, యూనిఫామ్ తడిసిపోయింది. బాత్రూంలోకి వెళ్లి పాలు పిండి సింకులో పోశాను. అదే టైములో ఇంట్లో మా అత్తమ్మ పాపని భుజాన వేసుకుని వీధిలో తిరుగుతున్నారట.

50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచడానికి క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని 2017లో సవరించిన, అప్పుడు అమల్లో ఉన్న ప్రసూతి చట్టంలో ఉంది. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఈ హక్కుల గురించి రాసి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. నాకు అప్పుడు ఇవేవీ తెలియవు. ఇది చదివే చెల్లెళ్లకి తెలియాలని రాస్తున్నాను.

ఏడాది తిరగకుండానే అక్కడ మానేసి ఇప్పుడున్న చోట చేరాను. ఇక్కడ వార్డు చూసే పెద్ద సిస్టర్‌ది పార్వతీపురం వైపు. గొంతు పెద్దది. బెడ్ దగ్గర నిలబడి ఓవర్ ఇవ్వకపోతే ఊరుకునేవారు కాదు, బీపీ చూడకుండా అంకె వేస్తే అస్సలు క్షమించేవారు కాదు. ఆవిడ దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది. అందులో ఒక్కొక్కరికి ఒక పేజీ. ఎవరి పిల్లాడికి ఎప్పుడు పరీక్షలు, ఎవరి అత్తగారికి కంటి ఆపరేషన్, ఉద్దానం నుంచి వచ్చిన సిస్టర్ వాళ్ల నాన్నకి వారంలో ఏయే రోజులు డయాలసిస్, అన్నీ అందులో రాసి ఉండేవి. రెండు వారాల ముందే చార్ట్ పెన్సిల్‌తో వేసి, నర్సింగ్ స్టేషన్ బల్ల మీద పెట్టేవారు. మార్చుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకుని ఆవిడకి చెప్పాలి, అంతే. మూడు రోజులయ్యాక పెన్నుతో రాసేవారు. ఇక మారదు.

సిరిమాను రోజు మధ్యాహ్నం నుంచి మూడు లాంతర్ల సెంటర్, కోట చుట్టుపక్కల బళ్లు కదలవు. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా, చివర పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగి, జనం చెదిరేసరికి చీకటి పడుతుంది. మధ్యాహ్నం డ్యూటీ వాళ్లు రెండింటికి బయల్దేరితే చేరలేరు. అందుకని పెద్ద సిస్టర్ పన్నెండుకే రమ్మని, వాళ్లకి పులిహోర తన ఇంటి నుంచి తెచ్చేవారు. ఆ రోజు పొద్దున్న డ్యూటీ మాత్రం ఎప్పుడూ ఆవిడదే.

ఆవిడ గురించి అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది 2021లో జరిగింది. కోవిడ్ రెండో వేవ్. సగం మంది స్టాఫ్ జ్వరాలతో ఇళ్లలో ఉన్నారు. నాకు వరసగా అది ఐదో నైట్. తెల్లవారుజామున నాలుగింటికి యాంటీబయాటిక్ పౌడర్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్ తీసుకుని మూత విరిచాను. లేబుల్ మీద చూపు పడింది. పొటాషియం క్లోరైడ్. రెండూ ఒకే సైజు ప్లాస్టిక్ ఆంపూల్స్, ఒకే ట్రేలో ఉన్నాయి. పొటాషియం పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చేతులు వణికి అక్కడే కూర్చుండిపోయాను.

పేషెంట్‌కి ఏమీ కాలేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కూడా కాదు. అయినా పొద్దున్న ఆవిడ రాగానే చెప్పేశాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. చార్ట్ తీసి వేలు పెట్టి నా గళ్లు లెక్కపెట్టారు. "ఐదు నైట్లు వేసింది నానే కదమ్మా. ఈ తప్పులో సగం నాది. ఎల్లి పడుకో" అన్నారు. ఆ సాయంత్రానికి పొటాషియం ఆంపూల్స్ వేరే పెట్టెలోకి, తాళం కిందకి వెళ్లాయి. వరసగా మూడు నైట్లు దాటకూడదని రూల్ పెట్టారు. ఆ తర్వాత మా వార్డులో ఎవరికి ఏ పొరపాటు జరగబోయినా దాచకుండా వచ్చి చెప్పేవాళ్లం. తిట్లు తినే చోటైతే చెబుతామా?

అమెరికాలో లిండా ఎయికెన్, ఆమె బృందం పెన్సిల్వేనియా హాస్పిటళ్లలో చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఆపరేషన్ పేషెంట్ల మీద చేసిన ఆ లెక్కలో, నర్సు చూసే పేషెంట్లు ఒక్కరు పెరిగినా 30 రోజుల్లోపు మరణాల అవకాశం 7 శాతం పెరుగుతోందని, ఆ నర్సులు పనితో పూర్తిగా అలిసి విసిగిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోందని తేలింది. చదివినప్పుడు నాకు ఆ నాలుగు గంటల తెల్లవారుజామే గుర్తొచ్చింది. మన దగ్గర జనరల్ హాస్పిటల్స్‌లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది. మా వార్డులో రాత్రిపూట ముప్పై పడకలకి ఇద్దరం. చార్ట్ ఎంత బాగా వేసినా లేని మనుషుల్ని అందులో రాయలేం. ఈ మాట మేనేజ్‌మెంట్ మీటింగుల్లో ప్రతిసారీ అంటూనే ఉన్నాను.

2023లో పెద్ద సిస్టర్ రిటైరయ్యారు. నోట్‌బుక్ నాకిచ్చారు. నేనూ అలాగే నడుపుతున్నాననుకున్నాను. పిల్లల తల్లులకి నైట్లు తగ్గించాను. ఆ నైట్లన్నీ హాస్టల్లో ఉండే పెళ్లికాని అమ్మాయిల మీద పడ్డాయి. అది నాకు తప్పనిపించలేదు. ఒకరోజు మందస నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సిస్టర్, నాకు పిల్లలు లేరని నాకు ఇల్లే లేదనుకున్నారా? ఇంటికెళ్లి రెండు నెలలైంది. అమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది" అంది. నోట్‌బుక్ తీసి చూశాను. ఆ అమ్మాయి పేజీలో పేరు, ఫోన్ నంబర్ తప్ప ఏమీ లేదు. అసలు నేను ఏ రోజూ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆ అమ్మాయికి సారీ చెప్పి, నాలుగు రోజులు కలిసొచ్చేలా ఆఫ్ ఇచ్చి ఊరికి పంపాను. ఇప్పుడు నైట్లు అందరికీ సమానం. చంటిబిడ్డ తల్లులకి మాత్రం ఏడాది దాకా మినహాయింపు. అదీ అందరం కూర్చుని ఒప్పుకున్నదే.

ఈ ఏడాది సిరిమాను చార్ట్ ఇంకా పెన్సిల్‌లోనే ఉంది. పొద్దున్న డ్యూటీకి, నైట్‌కి పేర్లు కుదిరాయి. మధ్యాహ్నం గళ్లు రెండు ఖాళీ. ఒకదాంట్లో నా పేరు రాసి ఇంటికొచ్చి చెప్పాను. "ఎల్లమ్మా, నీ దండం కూడా నేనే పెట్టేస్తాన్లే" అన్నారు అత్తమ్మ. రెండో గడి కోసం రేపు ఓవర్ అయ్యాక వార్డులో అమ్మాయిల్ని అడగాలి. పులిహోర నేను తెస్తానని కూడా చెప్పాలి.