నాలుగోసారీ గుడ్లు తెల్లబడ్డాయి

నిన్న రాత్రి తేనెరంగులో ఉన్న నా ఫ్లవర్‌హార్న్ (తల మీద బుడిపె ఉండే అక్వేరియం చేప) గుడ్లు ఇవాళ పొద్దున లైటు వేసేసరికి సుద్దలా తెల్లబడి ఉన్నాయి. పెట్టి 34 గంటలు. ఆడది మాత్రం ఇంకా రెక్కలాడిస్తూ కాపలా కాస్తోంది, పాపం.

ఫొటో తీసి గళ్లు గీసి లెక్కపెడితే 640 దాకా తేలాయి. ఒక్కటీ మిగల్లేదు. నీళ్లు బాగానే ఉన్నాయి: 29 డిగ్రీలు, పీహెచ్ 7.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20. ఈ లెక్కలు నీళ్లు పరీక్షించే ఏపీఐ చుక్కల కిట్‌వి. ముంచి చూసే కాగితం పట్టీల మీద నాకు నమ్మకం లేదు.

మొదటిసారి మగదీ ఆడదీ కొట్టుకోకుండా అడ్డుపెట్టిన జాలీకి, గుడ్లు పెట్టే టైలుకు మధ్య 14 సెంటీమీటర్లు. దూరం ఎక్కువైందనుకుని రెండోసారి 3కి జరిపాను. అప్పుడూ తెల్లనే. వీర్యం నీళ్లలో చురుగ్గా ఉండేది కొన్ని నిమిషాలే కదా, గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్ తోపుడుకి పక్కకు పోతోందేమోనని మూడోసారి గుడ్లు పెట్టే రెండు గంటలూ గాలి ఆపేశాను. అప్పుడు రెండు టైళ్లు పెట్టి, ఒకటి తీసి మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందులో వేశాను. ఆ గుడ్లు నీలమయ్యాయి. చచ్చిన గుడ్డే ఆ రంగు పీలుస్తుంది.

ఈసారి జాలీయే తీసేశాను. 40 నిమిషాలు వల చేతిలో పట్టుకుని టెన్షన్‌తో కూర్చున్నా. ఆడదాని తోక కాస్త చిరిగింది. మగది టైలు మీదుగా 11 సార్లు, వీర్యం వదిలే గొట్టం గుడ్లకు ఆనిస్తూ మరీ వెళ్లింది. ఇక దూరం, ప్రవాహం అన్న సాకులు చెల్లవు. మగదే గొడ్డుదని నా అనుమానం. అది కమ్ఫా అనే ఫ్లవర్‌హార్న్ రకం. ఆ రకం మగవాటిలో గొడ్డువి ఎక్కువని తెలిసి కూడా ఆ తల చూసి పడిపోయాను. తల ఎంత పెద్దదైతే అంత మంచి తండ్రి అనేవాళ్లు వచ్చి నా టైలు చూడాలి.

అన్నట్టు, ఆడదాని తల మీది గుంటలు మానాయి. వారానికి రెండుసార్లు 40 శాతం నీళ్లు మార్చడం తప్ప ఏ మందూ వేయలేదు.

ఇంతకుముందు పిల్లలు తీసిన జెన్ జు (ఇంకో ఫ్లవర్‌హార్న్ రకం) మగదాన్ని ఒక స్నేహితుడు అరువిస్తానన్నాడు. ముందు రెండు వారాలు వేరే ట్యాంకులో ఉంచి చూస్తాను. ఈలోగా ఆడది కోలుకోవాలి, నేను ఆర్టీమియా (చేపపిల్లలకు మేతగా వేసే బుల్లి రొయ్యలు) పొదిగించడం మళ్లీ అలవాటు చేసుకోవాలి. కిందటిసారి సగం పెంకుల్లోనే ఉండిపోయాయి. కమ్ఫాగారికి హాల్లో ఒంటరి ట్యాంకు, వెనక నల్ల కాగితం. గులకరాళ్లు ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.