తెల్లవారేలోగా

అత్తయ్య ఊపిరి ఆగిపోయిందని తెలిశాక నేను లేచి ముందుగా ఫ్యాను ఆపేశాను. రాత్రి 11.20 అయింది. మే నెల ఉక్కలో ఫ్యాను ఎందుకు ఆపానో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. మా వారు తల్లి చేయి పట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను అత్తయ్య రెప్పలు మెల్లగా మూసి, శుభ్రమైన దూదిని తడిపి రెండు కళ్ళ మీదా పెట్టాను. తల కింద ఇంకో దిండు చేర్చి ఎత్తు చేశాను. ఆరేళ్ళుగా ఇతరుల ఇళ్ళకు ఫోనులో చెబుతూ వచ్చిన పనులే అవి. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. ఏడుపు తరవాత వచ్చింది.

నేత్రదానం గొప్పదని సభల్లో చాలామంది చెబుతారు. చావు జరిగిన ఇంట్లో ఆ రాత్రి అది ఎలా నడుస్తుందో చెప్పేవారు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా లయన్స్ క్లబ్బులో ముప్పై మందికి పైగా సభ్యులున్నారు. ఎరువుల కొట్టు నడిపేవారు, బట్టల కొట్టువారు, ఇద్దరు డాక్టర్లు, ఒక ఆడిటరు, నాలాంటి టీచర్లు. చేరిన కొత్తలో దండలు, శాలువాలు, ఫొటోలు చూసి ఇక్కడ నాకేం పని అనుకున్నాను. ఆ ఏడాది కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్ళాం. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళ ముందు కూర్చుని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఫలానా వారింటికి ఎన్ని గంటలకు వెళ్ళారో, దారిలో ఎక్కడ రైల్వే గేటు పడిందో, ఎంతసేపు పోయిందో, ఆ కళ్ళు పనికి వచ్చాయో లేదో చెప్పుకుంటున్నారు. పులిహోర తింటూ కూడా వారి మనసు ఆ గేటు దగ్గరే ఉంది. నేను క్లబ్బులో నిలిచిపోవడానికి ఆ మధ్యాహ్నమే కారణం.

లయన్స్‌కు కంటి చూపుతో ఉన్న అనుబంధం పాతది. 1917లో అమెరికాలో పుట్టిన సంస్థ ఇది. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభకు చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి, చూపులేనివారి పక్షాన నిలబడండని సభ్యులను అడిగారు. ఆమె అడిగిన ఆ పని మా ఊళ్ళో ఫ్రీజర్ పెట్టెతో మొదలవుతుంది. ఎవరైనా పోతే దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా దేహాన్ని ఉంచడానికి ఆ పెట్టె కావాలి. మా క్లబ్బుకు రెండు పెట్టెలు, ఒక వైకుంఠ రథం ఉన్నాయి. అద్దె తీసుకోం. అందువల్ల చావు కబురు చాలాసార్లు చుట్టాలకన్నా ముందు మాకు తెలుస్తుంది. పెట్టె దింపి, కరెంటు కలిపి, అది చల్లబడడం మొదలయ్యేదాకా నిలబడే ఆ పది నిమిషాల్లో మా వాళ్ళు ఇంటి పెద్దను పక్కకు పిలిచి అడుగుతారు, కళ్ళు ఇస్తారా అని. ఒక్కసారే అడగాలి. కాదంటే నమస్కారం పెట్టి మిగతా సాయం చేసి వచ్చేయాలి. ఇచ్చినవారికైనా, ఇవ్వనివారికైనా పెట్టె, రథం ఒకేలా వెళ్తాయి. నాకు ఈ క్లబ్బు మీద గౌరవం కలిగింది ఆ నియమం చూశాకే.

మనిషి పోయాక కళ్ళు ఆరు గంటల లోపు సేకరించాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది. గాలి తగిలితే కంటి ముందున్న కార్నియా ఎండిపోతుంది. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పలుచని పొర అది. కంటి మార్పిడి అంటే కన్ను మొత్తం మార్చడం కాదు, ఆ పొరను మార్చడమే. కళ్ళజోడు ఉన్నవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. హెచ్‌ఐవీ, కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్త క్యాన్సర్ వంటివి ఉంటే తీసుకోరు.

ఆరు గంటల మాట నాకు పుస్తకంలో చదివినప్పుడు అంతగా పట్టలేదు. చేరిన రెండో ఏడు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఆయన కళ్ళు ఇస్తానని స్వయంగా రాసి ఇచ్చారు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆగి, అతను సరేనన్నాకే మాకు ఫోను చేశారు. అప్పటికి తొమ్మిది గంటలు దాటింది. గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన భార్య నా ముఖంలోకి చూసి, 'అయితే ఇక పనికి రావా అమ్మా?' అని అడిగారు. ఆమె గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ ఇంటి నుంచి వచ్చిన రాత్రే అత్తయ్యకు ఇదంతా చెప్పాను.

అత్తయ్య క్లబ్బు సభ్యురాలు కాదు. అయినా కంటి శిబిరం ఉందంటే ఉదయం ఏడింటికే మండల పరిషత్ పాఠశాలకు వచ్చి కూర్చునేది. ఆపరేషన్ అంటే వణికిపోయే ముసలమ్మల పక్కన చేరి, తన రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న సంగతి వాళ్ళకు చెప్పేది. ఆసుపత్రి వ్యానులో ఎక్కించేదాకా వాళ్ళ సంచులు పట్టుకునేది. వాడని కళ్ళజోళ్ళు పోగుచేసి శుభ్రం చేసి, అవసరమైనవారికి అందించే పని కూడా లయన్స్ చేస్తారు. మా వీధిలో ఆ జోళ్ళన్నీ పోగుచేసింది అత్తయ్యే. ఇంటింటికీ వెళ్ళి, పోయినవారి కళ్ళజోళ్ళు బీరువాల్లోంచి తీయించి, పాత చీర ముక్కలో మూటగట్టి తెచ్చేది.

ఒక శిబిరానికి పందొమ్మిదేళ్ళ అమ్మాయి వచ్చింది. ఎడమ కంట్లో పువ్వు. వరి కోతల్లో ఆకు కొన గీసుకుంది, ఎవరో ఆముదం వేయమన్నారు, పుండు పడి మానేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ నిలిచిపోయింది. మా పల్లెల్లో కంట్లో పువ్వు కొత్త కాదు. వరి ఆకు, ఊక, చెరకు ఆకు తగిలి, సకాలంలో డాక్టరుకు చూపించక చూపు పోగొట్టుకున్నవారు ఊరికొకరు కనబడతారు. శుక్లమైతే ఆపరేషన్‌తో పోతుంది, దీనికి ఎవరిదైనా కార్నియా కావాలని డాక్టరు చెప్పారు. అత్తయ్య ఆ అమ్మాయి పక్కనే ఉంది. ఇంటికి వచ్చాక ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నాలయ్యాక నన్ను పిలిచి, 'నువ్వు ఎవరెవరి చేతో సంతకాలు పెట్టిస్తావు కదా, ఆ కాగితం ఒకటి నాకూ ఇవ్వు' అంది. సంతకం చేస్తూ అన్న మాట ఇది: 'కన్నప్ప శివుడికి ఇచ్చాడు. నేను ఆ పిల్లలాంటి పిల్లకు ఇస్తాను.'

అయితే పోయాక ఆ కాగితం ఒక్కటే చాలదు. ఇంట్లో దగ్గరివారు ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ముందు అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. సంతకం పెట్టాం, పనైపోయింది అనుకుంటారు. అందుకే అత్తయ్యను పదే పదే పోరాను, పెద్దబ్బాయితో చెప్పారా అని. సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పానంది.

ఆ రాత్రి 11.50కి మా క్లబ్బులోని డాక్టరు గారు వచ్చారు. గుండెపోటుతో మరణం అని ధ్రువీకరించి కాగితం రాసి ఇచ్చారు. పన్నెండు దాటి అయిదు నిమిషాలకు దానం చేసిన కళ్ళను సేకరించి భద్రపరిచే ఐ బ్యాంకుకు, జిల్లా కేంద్రానికి ఫోను చేశాను. పేరు, వయసు, మరణించిన సమయం, కారణం, పాత జబ్బులు అడిగి రాసుకున్నారు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. వయసు 74 అని చెప్పేటప్పుడు మాత్రం గొంతు పూడుకుపోయింది. అవతల ఉన్న అబ్బాయి నాలుగైదు క్షణాలు ఆగి, 'నిదానంగా చెప్పండమ్మా' అన్నాడు. ఎప్పుడూ ఆ అబ్బాయితో నేనే తొందరపెడుతూ మాట్లాడేదాన్ని.

కళ్ళు సేకరించే టెక్నీషియన్ అక్కడి నుంచి బయలుదేరాడు. ఇంట్లో అసలు కష్టం అప్పుడు మొదలైంది.

చిన్నత్తయ్య, అంటే అత్తయ్య చెల్లెలు, పక్క వీధిలోనే ఉంటారు. సంగతి విని అక్క తల దగ్గర కూర్చుండిపోయారు. 'మా అక్కను నిండు శరీరంతో సాగనంపండి. కళ్ళు తీసి పంపితే వచ్చే జన్మలో చూపు లేకుండా పుడుతుంది' అన్నారు. బంధువుల్లో నలుగురు తలలూపారు. మా వారు నా వైపు చూసి, 'అన్నయ్య ఒప్పుకోకుండా నేను సంతకం పెట్టలేను' అన్నారు. బావగారు హైదరాబాదు నుంచి అప్పటికే కారులో బయలుదేరారు. వచ్చేసరికి ఆరవుతుంది. మా గడువు 5.20తో అయిపోతుంది.

పరాయి ఇంట్లో అయితే నేను ఒక్కసారి అడిగి ఊరుకునేదాన్ని. ఇక్కడ అడగవలసినదాన్నీ నేనే, అడిగించుకోవలసినదాన్నీ నేనే. కోడలు పట్టుబట్టి అత్తగారి కళ్ళు తీయించిందన్న మాట పడాల్సి వస్తుందని భయం వేసింది. ఆ హెడ్‌మాస్టరు గారి భార్య ముఖం గుర్తొచ్చింది. బావగారికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారి 1.30కి ఎత్తారు. విషయం చెప్పగానే, 'ఇప్పుడా అమ్మా ఇవన్నీ?' అని పెట్టేశారు.

ఫ్రీజర్ పెట్టె తెచ్చిన మా క్లబ్బు కార్యదర్శి వరండాలో నిలబడి ఉన్నారు. కళ్ళు సేకరించాకే దేహాన్ని పెట్టెలో పెడదామని ఆగాం. ఆయన పాతికేళ్ళుగా ఈ పనిలో ఉన్నారు. నేను ఏడుస్తుంటే, 'లయన్ గారూ, కాదంటే కాదనుకుందాం. మీ ఇంట్లోనూ నియమం నియమమే. అమ్మగారిని చూసుకోండి' అన్నారు. ఆయన మాటతో నా గుండె నిలబడింది. లోపలికి వెళ్ళి చిన్నత్తయ్య పక్కన కూర్చుని దూది మళ్ళీ తడిపి పెట్టాను. వాదించలేదు. ఆవిడ ఆ దూదిని చాలాసేపు చూశారు. కొంతసేపటికి, 'అది ఎండిపోతోంది, నీళ్ళు ఇలా ఇవ్వు' అని ఆవిడే అందుకున్నారు. ఒప్పుకున్నానని ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రంతా దూది తడిపింది మాత్రం ఆవిడే.

2.20కి టెక్నీషియన్ వచ్చాడు. మా పరిస్థితి చెబితే గుమ్మం బయట కుర్చీలో కూర్చున్నాడు. 2.35కి బావగారి నుంచి ఫోను వచ్చింది. 'సంక్రాంతికి అమ్మ నాతో చెప్పింది. అలాంటి మాటలు మాట్లాడొద్దని నేనే నోరు మూయించాను. నేను వచ్చి చూసేసరికి అమ్మ ముఖం మారిపోతుందా?' అని అడిగారు. మారదని చెప్పాను. నేను కళ్ళారా చూసిన సంగతి కాబట్టి ధైర్యంగా చెప్పగలిగాను. 'అయితే నా కోసం ఆగొద్దు' అన్నారు. మా వారు సంతకం చేశారు. డాక్టరు గారు, కార్యదర్శి సాక్షులు.

కళ్ళు సేకరించేటప్పుడు ఎప్పుడూ నేను గదిలోనే ఉంటాను, ఆ రోజూ ఉన్నాను. టెక్నీషియన్ చెప్పులు బయట విడిచి, అత్తయ్య పాదాలకు నమస్కారం చేసి మొదలుపెట్టాడు. పరీక్షల కోసం కొంచెం రక్తం తీసుకున్నాడు. చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుని, కళ్ళ చుట్టూ మందుతో తుడిచి, శుభ్రమైన గుడ్డ పరిచాడు. కార్నియాలను మాత్రమే చుట్టూ సన్నని తెల్ల అంచుతో తీసి, గులాబీ రంగు ద్రవం ఉన్న రెండు చిన్న సీసాల్లో వేశాడు. సీసాల మీద కుడి, ఎడమ అని రాసి మంచు పెట్టెలో పెట్టాడు. రెప్పలు కుంగకుండా లోపల కంటి తొడుగులు అమర్చి మూశాడు. అంతా కలిపి అరగంట పట్టలేదు. 3.15కి బండి వెళ్ళిపోయింది.

బావగారు వచ్చేసరికి తెల్లవారింది. పెట్టె అద్దం మీదికి వంగి చాలాసేపు చూశారు. ఏమీ అడగలేదు. లేచి వచ్చి నా తల మీద చేయి పెట్టారు.

వారం తరవాత ఐ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఒక కార్నియా మార్పిడికి పనికి వచ్చింది. రెండోది ఆ పనికి సరిపోలేదు, డాక్టర్ల శిక్షణకు వాడతామన్నారు. ఎవరికి పెట్టారో చెప్పరు, చెప్పకూడదు కూడా. కళ్ళు అమ్మడం, కొనడం అన్నవి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం. ఇచ్చినవారి వివరాలు తీసుకున్నవారికి, వారివి వీరికి తెలియనివ్వరు. ఒక్కటేనా అని మొదట దిగులు పడ్డాను. మా వారు మాత్రం ఆ ఒక్క మాటనే బావగారికి, చిన్నత్తయ్యకు, మా పిల్లలకు ఫోనులో మళ్ళీ మళ్ళీ చెప్పారు.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య గది సర్దాను. పాత చీర ముక్కలో మూటగట్టిన కళ్ళజోళ్ళు పదకొండు ఉన్నాయి. వాటిని క్లబ్బులో ఇచ్చేశాను. ఆవిడ సొంత జోడు భాగవతం పుస్తకంలో గుర్తుగా పెట్టి ఉంది. అది ఇవ్వడానికి నాకు ఇంకా మనసు రాలేదు.