లీ పుట్టిన ఊరికి, మాత్రికలు వెంటేసుకుని

ఓస్లోలో బస్సెక్కేటప్పుడు చేతిలో ఒక నోటుబుక్, బుర్రలో ఎన్నాళ్ళుగానో తేలని ఒక సందేహం. మాత్రికల గ్రూపును (గుణిస్తే మళ్ళీ అందులోనే ఉండే, విలోమాలు కూడా ఉన్న సముదాయాన్ని) ముక్కల లబ్ధంగా విడగొట్టే రెండు పద్ధతులు, ఇవసావా విభజన, కార్టాన్ విభజన, రెండూ చదివాను, పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, కానీ ఒకే గ్రూపును రెండు రకాలుగా ఎందుకు విడగొట్టాలో మాత్రం ఎప్పుడూ లోపలికి ఎక్కలేదు. వెళ్తున్నది నోర్డ్‌ఫియోర్డైడ్‌కి, 1842లో సోఫస్ లీ పుట్టిన ఊరు. ఇలాంటి గ్రూపుల సిద్ధాంతానికి పునాది వేసిన నార్వే గణితజ్ఞుడు ఆయన. నిజానికి ఈ విభజనలు ఆయనవి కావు, ఇవసావా పేపర్ వచ్చింది 1949లో, అప్పటికి లీ పోయి యాభై ఏళ్ళు. అయినా చూడాలనిపించింది, వెళ్ళాను.

నిర్ధారకం 1గా ఉన్న 2×2 వాస్తవ మాత్రికలతో మొదలుపెట్టాను. ఇవి ఎగువ అర్ధతలంలోని (తలంలో అడ్డగీతకు పైనున్న సగంలోని) బిందువులను కదుపుతాయి. ఇవసావా చెప్పేదేమిటంటే, ప్రతి మాత్రికా ఎన్, ఏ, కె అనే మూడు ముక్కల లబ్ధం, అదీ ఒకే ఒక్క విధంగా. కె అంటే ఐ బిందువును (పక్కకి 0, ఎత్తు 1) ఉన్నచోటే ఉంచే భ్రమణం. ‘ఏ’ అనే ముక్క ఆ బిందువును నిలువుగా జరుపుతుంది, ఎన్ అడ్డంగా జరుపుతుంది. ఎంత ఎత్తు, ఎంత పక్కకి, అంతే, అచ్చం చిరునామా. ఏ, ఎన్ కలిసి మామూలు తలంలా పరుచుకుంటాయి కాబట్టి గ్రూపులో చుట్టి మళ్ళీ మొదటికొచ్చే గుణమంతా కెలోనే దాక్కుంటుంది. 3×3 మాత్రికలకి వెళ్తే గ్రూపు పరిమాణం, అంటే స్వేచ్ఛగా మార్చుకోగల సంఖ్యల లెక్క, 8, అది ఎన్‌కి 3, ఏకి 2, కెకి 3గా విడిపోతుంది.

పక్క సీటాయన నా రాతల్ని అనుమానంగా చూస్తుంటే నవ్వొచ్చింది. 1870లో యుద్ధం నడుస్తుండగా ఫ్రాన్స్‌లో కాలినడకన పోతున్న లీని ఫోంటేన్‌బ్లో దగ్గర గూఢచారి అనుకుని పట్టుకున్నారు, లెక్కల కాగితాలను రహస్య సందేశాలనుకుని దాదాపు నెల రోజులు జైల్లో పెట్టారు!

బస్సు నీటి ఒడ్డునే వంపులు తిరుగుతూ పోతోంది, ఎత్తు పెద్దగా మారకుండా. అర్ధతలంలో ఇలా 1 ఎత్తులోనే అడ్డంగా 100 పోతే నడిచిన దూరం 100. అదే పైకి లేచి అర్ధవృత్తం మీదుగా దిగితే సుమారు 9.2 మాత్రమే, అక్కడ పైకి వెళ్ళేకొద్దీ అడ్డంగా పోవడం చవక. అంటే చిరునామా చూసి నేరుగా దూరం చెప్పలేం. మరి దూరం ఎవరు చెప్తారు?

మర్నాడు ఊరి వెనక కొండెక్కుతుంటే ఇది తేలింది. దారిగుర్తు దగ్గర ఆగి, ఒక వైపు తిరిగి, తిన్నగా నడిచి, మళ్ళీ తిరిగాను. తిరుగు, నడువు, తిరుగు: కె, ఏ, కె. కార్టాన్ విభజన ఇదే, ఇందులో దూరం చెప్పేది మధ్యలో ఉన్న ‘ఏ’ మాత్రమే. ఇవసావా ఎక్కడ అని చెప్తుంది, కార్టాన్ ఎంత దూరం అని చెప్తుంది. ఇంత చిన్న విషయానికి నాకు కొండెక్కాల్సి వచ్చింది.

అక్కడే బండ మీద కూర్చుని లెక్క వేస్తే తేడా వచ్చింది. ఎందుకంటే మాత్రికలో కోణం 90 డిగ్రీలు పెడితే అర్ధతలంలో 180 డిగ్రీలు తిరుగుతుంది, రెట్టింపు. ఈ రెండుతో పేజీన్నర పాడైంది, పూర్వం కూడా ఇక్కడే పడ్డాను. సరిచేశాక మాత్రం భలే ముచ్చటేసింది: వెనక్కి నాలుగడుగులు వేయడమూ, వెనుదిరిగి నాలుగడుగులు వేసి మళ్ళీ తిరగడమూ ఒకటే, అందుకే ఏలో ధన, రుణాల తేడా దూరానికి పట్టదు. వైల్ గ్రూపు అని భయపెట్టే పేరు పెట్టింది ఈ వెనుదిరగడానికే, ఇక్కడ దానికి ఉన్నవి రెండే మూలకాలు, వెనుదిరగడం, తిరగకపోవడం.

3×3లో ఆరు. ఆ ఆరే బ్రూహా విభజన అనే మరో పద్ధతిలో ఆరు ముక్కలవుతాయి, ధ్వజాల సముదాయంలో (మూలబిందువు గుండా పోయే ఒక తలం, అందులో మూలబిందువు గుండా పోయే ఒక రేఖ, ఈ జంటే ధ్వజం) వాటి పరిమాణాలు 0, 1, 1, 2, 2, 3. తిరుగు బస్సులో ఒక్కోదాన్నీ మాత్రికగా రాసి చూస్తున్నాను, ఆరోది మొదలుపెట్టానో లేదో బస్సు సొరంగంలోకి దూరింది.